ఎస్‌ఎల్‌బీసీ టన్నెల్: కొండ లోపల రాయి కదులుతుంటే ముందే తెలుస్తుందా? మిల్లీమీటర్ల లెక్క ఏం చెబుతుంది?

2025 ఫిబ్రవరి 22, శనివారం ఉదయం. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో, బయటి నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. నీళ్లు, బురద, రాళ్లు ఒక్కసారిగా దూసుకొచ్చాయి. వందల టన్నుల బరువున్న బోరింగ్ మెషీన్‌ను కూడా ఆ బురద వెనక్కి తోసేసింది. ఆ షిఫ్టులో ఉన్నవాళ్లు చాలామంది పరుగెత్తి బయటపడ్డారు. ఎనిమిది మంది మాత్రం చిక్కుకుపోయారు. మార్చి 9న ఒకరి మృతదేహం, మార్చి 25న మరొకరిది దొరికాయి. చివరి కొద్ది మీటర్లలోకి వెళ్తే కాపాడటానికి వెళ్లినవాళ్ల ప్రాణాలకే ముప్పు అని తేల్చి ఏప్రిల్ చివర్లో గాలింపు ఆపేశారు. అప్పటికి ఆరుగురి ఆచూకీ దొరకలేదు.

ఆ తర్వాత కథ మళ్లీ తవ్వకం వైపు తిరిగింది. 2025 నవంబర్ 3న సీఎం రేవంత్ రెడ్డి మన్నెవారిపల్లి దగ్గర హెలికాప్టర్ సర్వేను దగ్గరుండి చూశారు. మిగిలిన సొరంగాన్ని పెద్ద మెషీన్‌తో కాకుండా డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ పద్ధతిలో పూర్తి చేస్తామని ప్రభుత్వం చెప్పింది. అంటే మళ్లీ మనుషులు లోపలికి వెళ్తారు. మరి ఈసారి కొండ కదిలితే ముందే తెలుస్తుందా? తెలిస్తే ఎవరికి తెలుస్తుంది?

ముందుగా ఈ సొరంగం ఎందుకంత ముఖ్యమో చూద్దాం.

ఎస్‌ఎల్‌బీసీ అంటే శ్రీశైలం ఎడమగట్టు కాలువ. నల్గొండలో దీన్ని ఏఎంఆర్ ప్రాజెక్టు అంటారు.. ఎలిమినేటి మాధవరెడ్డి పేరు మీద. శ్రీశైలం జలాశయం నుంచి 30 టీఎంసీల నీళ్లు మోటార్లు లేకుండా, వాలు మీద వాటంతట అవే పారుతూ నల్గొండ పొలాలకు, ఫ్లోరైడ్ ఊళ్లకు చేరాలన్నది ప్లాన్. ఇప్పుడైతే నాగార్జునసాగర్ నీటిని పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తి అక్కంపల్లి రిజర్వాయర్‌లో పోసి నడిపిస్తున్నారు. కరెంటు బిల్లు మామూలుగా ఉండదు. సొరంగం పనులు 2005లో అప్పగించారు. పొడవు 43.93 కిలోమీటర్లు. కూలే నాటికి రెండు వైపుల నుంచీ కలిపి 34 కిలోమీటర్లకు పైగా అయిపోయింది, సుమారు 9.5 కిలోమీటర్లు మిగిలింది. మధ్యలో 2009 అక్టోబర్ కృష్ణా వరదలకు దోమలపెంట వైపు మునిగింది. 2023లో మన్నెవారిపల్లి వైపు మెషీన్ బేరింగ్ పోయి ఆగిపోయింది. ఇరవై ఏళ్ల ప్రాజెక్టు ఇది. తొందర ఉండటం సహజం. ఆ తొందరే భయపెడుతోంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సొరంగం పైన ఉన్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. కూలిన చోట పైన 400 మీటర్లకు పైగా కొండ. మామూలుగా పొడవాటి సొరంగాలకు మధ్యమధ్యలో పై నుంచి బోర్లు వేసి రాయి ఎలా ఉందో చూస్తారు, పక్క దారులు తవ్వుతారు. ఇక్కడ అడవి వల్ల ఆ వీలు లేకుండా పోయింది. దోమలపెంట నుంచి ఒకటి, మన్నెవారిపల్లి నుంచి ఒకటి.. ఉన్న దారులు ఆ రెండే.

రాయి ఎటు కదులుతుంది?

టీవీ గ్రాఫిక్స్‌లో టన్నెల్ అంటే కొండ కింద ఒక గీత, ఆ గీత మీద ఎర్ర చుక్క. లోపల నిలబడ్డ మనిషికి అది గీత కాదు. నెత్తి మీద కప్పు, రెండు పక్కలా గోడలు, ఎదురుగా తవ్వుతున్న రాతి గోడ. ఆ ఎదురు గోడను టన్నెల్ వాళ్లు ఫేస్ అంటారు. ఖాళీ చేసిన చోటికి కొండ అన్ని వైపుల నుంచీ జరుగుతుంది. కప్పు కిందికి దిగుతుంది, గోడలు లోపలికి వస్తాయి, ఫేస్ మన వైపు ఉబ్బుతుంది. ఒకేసారి మూడు దిక్కుల్లో కదలిక అన్నమాట.

ఈ వార్త చదువుతున్న ఫోన్‌నే తీసుకోండి. అడ్డంగా తిప్పితే వీడియో కూడా అడ్డంగా తిరుగుతుంది కదా? లోపల యాక్సిలరోమీటర్ అనే చిన్న చిప్ మూడు దిక్కుల్లో ఎటు ఎంత లాగుతోందో కొలుస్తూ ఉంటుంది కాబట్టి తిరుగుతుంది. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు దాన్ని రికార్డు చేసిన సీస్మోమీటర్లదీ అదే సూత్రం. పైకి-కిందికి, ఉత్తరం-దక్షిణం, తూర్పు-పడమర అని మూడు లెక్కలు వేరువేరుగా వస్తాయి. టన్నెల్‌లో తేడా ఒక్కటే. అక్కడ రాయి సెకన్లలో ఊగదు. రోజుకు ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు జరుగుతుంది. కంటికి కనపడదు, చెవికి వినపడదు.

బావులు తవ్విన పాలమూరు మేస్త్రీలకు ఇది కొత్త విషయం కాదు. గోడ పెద్దగా జారే ముందు మట్టి సన్నగా రాలుతుంది, నీటి ఊట రంగు మారుతుంది. అది చూసి పైకి వచ్చేస్తారు. ఒకప్పుడు దేశంలో ఏ డ్యామ్ కట్టినా అక్కడ పాలమూరు లేబర్ ఉండేవాళ్లు. ఇప్పుడు పాలమూరు కొండలో జార్ఖండ్, యూపీ, పంజాబ్, జమ్మూ కశ్మీర్ వాళ్లు చిక్కుకుపోయారు. ఇదో విచిత్రం. కాకపోతే పది మీటర్ల వెడల్పున్న సొరంగంలో, వెలుతురు తక్కువ, మెషీన్ మోత ఎక్కువ ఉన్న చోట మనిషి కన్ను ఒక్కటే సరిపోదు.

రాతి ఇంజినీర్లకు బాగా తెలిసిన లెక్క ఒకటుంది. తవ్వుతున్న చోటికి ఇంకా సగం వ్యాసం దూరం ఉండగానే రాయి కదలడం మొదలవుతుంది. ఫేస్ అక్కడికి చేరేసరికి మొత్తం కదలికలో మూడో వంతు అయిపోతుంది. ఫేస్ ఒకటిన్నర వ్యాసాలు ముందుకు వెళ్లిపోయాక గానీ పూర్తి కదలిక బయటపడదు. ఎస్‌ఎల్‌బీసీకి వేసి చూడండి. సొరంగం వ్యాసం దాదాపు 10 మీటర్లు. అంటే మన ముందున్న గోడ వెనకాల ఐదు మీటర్ల లోపల, మనం ఇంకా ముట్టుకోని రాయి అప్పటికే కదులుతోంది. మనం దాటి వచ్చిన చోట కూడా పదిహేను మీటర్ల దాకా కదులుతూనే ఉంది. గోడకు పరికరం బిగించి కొలవడం మొదలుపెట్టేసరికే మూడో వంతు కథ అయిపోయి ఉంటుంది! ఇది మంచి రాయికి చెప్పే లెక్క. పగిలిన రాయి, బురద పట్టిన పొర అయితే ఈ పాఠం ప్రకారం నడుచుకోదు.

ఎలా కొలుస్తారు?

పద్ధతి చెప్పుకుంటే చాలా సింపుల్. తవ్విన సొరంగం లోపల కొన్ని మీటర్లకు ఒక వరుస చొప్పున చిన్న అద్దాల్లాంటి గుర్తులు బిగిస్తారు. వరుసకు ఐదు అనుకోండి. కప్పు మధ్యలో ఒకటి, భుజాల దగ్గర రెండు, గోడలకు రెండు. మన ఊళ్లో భూమి సర్వేకు వాడే టోటల్ స్టేషన్‌నే లోపల పెట్టి ప్రతి రోజూ ఆ గుర్తుల మీదికి కాంతి పంపుతారు. తిరిగొచ్చిన కాంతిని, కోణాలను బట్టి ఒక్కో గుర్తు ఎక్కడ ఉందో మూడు అంకెల్లో తెలుస్తుంది. నిన్నటి అంకెలకు, ఇవాళ్టి అంకెలకు తేడా చూస్తే రాయి ఎటు జరిగింది, ఎంత జరిగింది అన్నది మిల్లీమీటర్లలో చేతికి వస్తుంది.

పాత రోజుల్లో గోడకు, గోడకు మధ్య టేపు కట్టి దూరం తగ్గిందా అని చూసేవాళ్లు. దాంతో వచ్చే చిక్కేంటంటే.. రెండు గోడలూ ఒకే వైపు కలిసి జరిగితే మధ్య దూరం మారదు, టేపు అంతా బాగానే ఉందని చెబుతుంది. మూడు దిక్కుల లెక్క ఇక్కడే అక్కరకొస్తుంది. ముఖ్యంగా సొరంగం పొడవునా జరిగే కదలిక. కప్పు నేరుగా కిందికి దిగుతున్నదల్లా కొద్దికొద్దిగా ముందుకో వెనక్కో వాలడం మొదలుపెడితే, ఎదుటి రాయి గట్టిదనం మారుతోందన్న సంకేతం. 1990ల నుంచి ఆస్ట్రియా ఇంజినీర్లు ఈ వాలును చూసి ముందున్న బలహీనమైన పొరను అంచనా వేస్తున్నారు. ఇంకా తవ్వని రాయి గురించి తవ్విన రాయి చెప్పే కబురు అది.

అంకె పెద్దదా చిన్నదా అన్నదానికంటే వేగం ముఖ్యం. తవ్విన రోజు నాలుగు మి.మీ., మర్నాడు రెండు, ఆ మర్నాడు ఒకటి.. ఇలా తగ్గుతూ వస్తే రాయి కుదురుకుంటోందని అర్థం. ఒకటి, ఒకటి, రెండు, నాలుగు అని పెరుగుతుంటే మాత్రం అందరూ బయటికి రావాల్సిందే. కంప్యూటర్ మోడల్ పని కూడా ఇక్కడే. రాయి బలం, పగుళ్ల దిశ, నీటి ఒత్తిడి, పైనున్న కొండ బరువు ఇచ్చి ఎంత కదలాలో ముందే లెక్క కట్టిస్తారు. మోడల్ పది మి.మీ. అని చెప్పిన చోట పాతిక వస్తే, మనం ఊహించిన కొండ వేరు, అక్కడున్న కొండ వేరు.

మరి ఫిబ్రవరి 22న ఈ కొలతలు ఏమయ్యాయి?

అసలు విషయం ఇక్కడే ఉంది. దోమలపెంట వైపు తవ్వింది డబుల్ షీల్డ్ మెషీన్‌తో. ముందు తిరిగే పెద్ద చక్రం, దాని వెనక చుట్టూ ఇనుప కవచం, ఆ వెంటే కాంక్రీట్ సెగ్మెంట్ల లైనింగ్. లోపలున్న మనుషులకు రాయి దాదాపు ఎక్కడా కనపడదు. మామూలు రోజుల్లో అది రక్షణ. కానీ గుర్తులు బిగించి రోజూ కొలవడానికి బయట రాయంటూ ఉండాలి కదా! మెషీన్ కదలికను మాత్రం చాలా జాగ్రత్తగా కొలుస్తారు. అది పక్కకు తిరిగిందా, ముక్కు వంగిందా, తనలో తాను దొర్లిందా అని లేజర్‌తో నిమిషనిమిషం చూస్తారు. చూడకపోతే రెండు వైపుల నుంచి వచ్చే సొరంగాలు మధ్యలో కలవవు. దిశలో ఒక్క నిమిషం కోణం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు తేడా వస్తే 22 కిలోమీటర్లకు ఆరు మీటర్లకు పైగా పక్కకు పోతుంది. ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య సముద్రం కింద తవ్విన సొరంగాలు 1990 డిసెంబర్ 1న కలిసినప్పుడు తేడా 36 సెంటీమీటర్లే. మెషీన్ ఎక్కడుందో సెంటీమీటర్లలో తెలుస్తుంది సరే.. దాని ముందున్న రాయి సంగతి?

దానికి వేరే పద్ధతి ఉంది, టీఎస్‌పీ అంటారు. సొరంగం గోడలో వరుసగా చిన్న రంధ్రాలు వేసి కొద్దికొద్దిగా పేలుడు పదార్థం పెట్టి ఒక్కొక్కటే పేలుస్తారు. ప్రకంపనలు ముందుకు వెళ్లి, రాయి మారిన చోట తగిలి వెనక్కి వస్తాయి. గోడలో దించిన సెన్సార్లు వాటిని మూడు దిక్కుల్లో రికార్డు చేస్తాయి. మూడు దిక్కులు ఎందుకంటే, ఒకే దిక్కులో వింటే శబ్దం వచ్చిందని తెలుస్తుంది గానీ ఎటు నుంచి వచ్చిందో తెలియదు. నీళ్లున్న పొర, పొడి పొర ఈ ప్రకంపనలకు వేరువేరుగా స్పందిస్తాయి. అలా వంద మీటర్లకు పైగా ముందుకు చూడొచ్చు.

ఎస్‌ఎల్‌బీసీలో ఇది చేయలేదా అంటే.. చేశారు. 2020లోనే ఒక ప్రైవేటు సంస్థ ఇక్కడ టీఎస్‌పీ సర్వే చేసిందని, 13.88 నుంచి 13.91 కిలోమీటర్ల మధ్య బలహీనమైన రాయి, నీటి ఊట ఉండొచ్చని రిపోర్ట్ ఇచ్చిందని ప్రమాదం తర్వాత మీడియాలో కథనాలు వచ్చాయి. కూలింది దాదాపు అక్కడే. ఆ రిపోర్ట్ ఎవరెవరి దాకా వెళ్లింది, చూసినవాళ్లు ఏం చేశారు అన్న ప్రశ్నలు అప్పుడే లేచాయి. ఆ కథనాలే నిజమైతే పరికరం పని చేసినట్టే. ప్రకంపన వెళ్లింది, వెనక్కి వచ్చింది, మూడు దిక్కుల్లో రికార్డయింది, కాగితం మీదికి ఎక్కింది. ఆ తర్వాత ఐదేళ్లలో మెషీన్ అదే చోటికి చేరింది.

హెలికాప్టర్ సర్వేతో అంతా తేలిపోతుందా?

నవంబర్‌లో ఎగిరిన హెలికాప్టర్ వీడియోలు బాగా వైరల్ అయ్యాయి. కింద పెద్ద చక్రంలాంటిది వేలాడుతుంటుంది, గుర్తుందా? హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తల సర్వే అది. చక్రంలో కరెంటు పంపి టక్కున ఆపేస్తారు. దాని ప్రభావంతో భూమి లోపల కాసేపు చిన్న కరెంట్లు తిరుగుతాయి. నీళ్లు పట్టిన, పగిలిన రాయిలో అవి ఎక్కువసేపు ఉంటాయి, గట్టి పొడి రాయిలో వెంటనే పోతాయి. ఆ తేడాను పట్టుకుని లోపలి మ్యాప్ గీస్తారు. గాలికి ఆ చక్రం ఊగుతుంది, వంగుతుంది, కొండ ఎత్తుపల్లాలను బట్టి పైకీ కిందికీ పోతుంది. కాబట్టి చక్రం ఏ క్షణంలో ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, ఎటు వాలింది అన్నది కూడా జీపీఎస్, ఇతర సెన్సార్లతో కొలిచి లెక్కలో సరిచేయాలి. లేకపోతే భూమిలో లేని నీళ్లు మ్యాప్‌లో కనపడతాయి.

అడవిలో ఒక్క చెట్టు కొట్టకుండా, ఒక్క బోరు వేయకుండా లోపలికి చూసే దారి ఇది. అమ్రాబాద్ లాంటి చోట ఇంతకంటే మంచి మొదటి అడుగు లేదనే చెప్పాలి. అయితే లోతు పెరిగే కొద్దీ బొమ్మ మసకబారుతుంది. నాలుగైదు వందల మీటర్ల కింద ఉన్న పెద్ద పగులు జోన్ కనపడొచ్చు. రెండు మూడు మీటర్ల సన్నని బురద పొర తప్పించుకోవచ్చు. పైగా ఆ మ్యాప్ కొండ నిలకడగా ఉన్నప్పటి ఫొటో లాంటిది. తవ్వడం మొదలయ్యాక ఆ రాయి ఎలా కదులుతుందో అది చెప్పదు. అది లోపల, ఫేస్ దగ్గర, రోజూ కొలిస్తేనే తెలుస్తుంది.

డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ పద్ధతిలో ఆ అవకాశం మళ్లీ వస్తుంది. కొన్ని మీటర్లు పేల్చడం, శిథిలాలు తీయడం, కప్పుకు కాంక్రీట్ చల్లడం, రాక్ బోల్టులు దించడం, కొలవడం, మళ్లీ పేల్చడం. రాయి కంటికి కనపడుతుంది. ముందుకు సన్నని బోరు వేసి చూడొచ్చు. హిమాచల్‌లోని అటల్ టన్నెల్‌ను ఇలాగే తవ్వారు. అక్కడ సేరీ నాలా కింద నీళ్లు నిండిన సుమారు 600 మీటర్ల ముక్క దాటడానికే ఏళ్లు పట్టింది. ఆ సొరంగాన్ని కట్టిన బీఆర్ఓకు అధిపతిగా పనిచేసిన లెఫ్టినెంట్ జనరల్ హర్పాల్ సింగ్‌నే తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడు సలహాదారుగా తెచ్చుకుంది. ఆ అనుభవం ఉన్న మనిషి ఉండటం మంచిదే.

కొలిచినా కూలిన సొరంగాలు

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. 1994 అక్టోబర్ 21న లండన్ హీత్రూ ఎయిర్‌పోర్ట్ కింద తవ్వుతున్న సొరంగాలు కూలాయి. అక్కడ కొలతలు ఉన్నాయి. కప్పు దిగుతోందని, లైనింగ్ పాడవుతోందని అంకెలు చెబుతూనే ఉన్నాయి. వాటిని సమయానికి చదివి పని ఆపినవాళ్లు లేరు. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. 1999లో కోర్టు కాంట్రాక్టర్‌కు, డిజైన్ సలహా సంస్థకు కలిపి 17 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

సింగపూర్‌లో ఇంకా ఘోరం. 2004 ఏప్రిల్ 20న మెట్రో కోసం తవ్విన పెద్ద గొయ్యి కూలి నలుగురు చనిపోయారు. అక్కడ గోడ కదలిక ముందుగా పెట్టుకున్న హద్దును దాటింది. దాటినప్పుడు పని ఆపాలి. దానికి బదులు మోడల్‌ను కొత్త అంకెలకు తగ్గట్టు సర్ది, హద్దునే పైకి జరిపారు. ప్రభుత్వ విచారణలో ఇది బయటపడింది. గోడ చెప్పింది తప్పు, కంప్యూటర్ చెప్పిందే కరెక్ట్ అనుకున్నట్టే కదా ఇది?

అందుకే ఎస్‌ఎల్‌బీసీ విషయంలో ఎన్ని కోట్ల పరికరం తెచ్చారన్నది నన్నడిగితే రెండో ప్రశ్నే. పని చేసేది, కొలిచేది ఒకే కాంట్రాక్టర్ అయితే, పని ఆపితే నష్టపోయేదీ ఆ కాంట్రాక్టరే. రాత్రి షిఫ్టులో అంకె హద్దు దాటితే పైనుంచి ఫోన్ వచ్చేదాకా ఆగకుండా మనుషుల్ని బయటికి పంపే అధికారం లోపలున్న ఇంజినీర్‌కు ఉందా? జార్ఖండ్ నుంచి వచ్చిన కార్మికుడు నీళ్ల రంగు మారిందని చెబితే వినే మనిషి ఉన్నాడా? రోజువారీ కొలతలు నీటిపారుదల శాఖకు అదే రోజు చేరతాయా, నెలాఖరు ఫైల్‌లో చేరతాయా? అన్ని ప్రమాదాలూ ముందే చెప్పి రావు. నీళ్లతో నిండిన బురద పొర ఒక్కసారిగా తెగితే గంటలు కాదు, నిమిషాలు కూడా దొరకకపోవచ్చు. అలాంటి చోట్ల ముందుకు బోరు వేసి నీటి ఒత్తిడి తగ్గించడమే దారి. కానీ ఎక్కడ వేయాలో చెప్పేవి కూడా ఈ సర్వేలు, ఈ కొలతలే.

చివరగా ఒక చిన్న లెక్క. మిగిలింది 9.5 కిలోమీటర్లు. రెండు వైపుల నుంచీ రోజుకు ఐదేసి మీటర్లు తవ్వినా 950 రోజులు పడుతుంది. పది మీటర్లకో వరుస, వరుసకు ఐదు గుర్తులు అనుకుంటే మొత్తం 4,750 గుర్తులు. ఒక్కో గుర్తుకు మూడు అంకెలు. కొత్తగా తవ్విన చోట వాటిని రోజూ చదవాలి.. పండగ రోజు, వరద రోజు, మంత్రి వచ్చిన రోజు కూడా. ఆ చదివే పని ఎవరిది, ఆపే అధికారం ఎవరిది అన్నది టెండర్ కాగితాల్లో ఏ పేజీలో ఉందో చూడాలి.